పలాస దాకా నిలవాల్సిన బ్యాటు

మా వదిన మంగళవారం తెల్లవారుజామున ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలోని రైల్వే క్వార్టర్‌లో చనిపోయింది. గుండె ఆగిపోయిందని డాక్టర్ చెప్పాడు. బుధవారం సాయంత్రం కాలనీ క్రీడా కమిటీ సమావేశమై సంతాప తీర్మానం చేసింది. అందులో ఒక వాక్యం ఇది: "ఇచ్చిన సామగ్రితోనే సరిపెట్టుకుని, ఏనాడూ ఏదీ అడగకుండా, మన ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పిన సాధుశీలి."

ఆమె చనిపోయిందన్నది నిజం. ఈ వాక్యం అబద్ధం. ఆమె ఇచ్చినదానితో సరిపెట్టుకోలేదు. అడిగింది. ఏళ్ల తరబడి ఒకటే అడిగింది: ఏ పిల్ల చేతికి తగిన బ్యాటు ఆ పిల్లకు ఇవ్వండి అని. ఇవ్వలేదు. చనిపోయిన మర్నాడు, అడిగిందన్న మాట కూడా లేకుండా చేశారు. నేను కలకత్తాలో విలేకరిని. ఇన్నేళ్లలో చాలా సంతాప తీర్మానాలు పత్రికకు పంపాను. పోయినవాళ్ల గురించి కాస్త ఎక్కువ చేసి చెప్పడం మామూలే, దానికి నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. ఇది ఎక్కువ చెప్పడం కాదు. తిరగేసి చెప్పడం.

అన్నయ్య ఇక్కడి వర్క్‌షాపులో ఫిట్టర్. వదినది పలాస దగ్గర పల్లె. నేను వాళ్లింట్లో ఉండి చదువుకున్నాను. యుద్ధం రోజుల్లో ఈ చుట్టుపక్కల విమానాల మైదానాల్లో అమెరికన్ సైనికులు ఉండేవారు. వాళ్లు వెళ్లిపోయాక వదిలేసిన సామానులో కొన్ని గుండ్రటి సాఫ్ట్‌బాల్ బ్యాట్లు కాలనీకి చేరాయి. మా పక్క క్వార్టర్‌లో ఉండే ఆంగ్లో ఇండియన్ నర్సు సాయంత్రాలు వాటితో ఆడేది. బంతిని మెల్లగా, విల్లు వంపులా పైకి లేపి వేసే ఆట. వదిన మొదట గోడ దగ్గర నిలబడి చూసింది. తర్వాత బంతులు ఏరి ఇచ్చింది. ఆ తర్వాత కొంగు నడుముకు బిగించి బ్యాటు పట్టుకుంది. నర్సు బదిలీ మీద వెళ్లిపోయినప్పుడు ఆట వదినకు మిగిలింది. కాలనీ ఆడపిల్లలు ఒక్కొక్కరే చేరారు.

మెల్లగా వచ్చే బంతిని కొట్టడంలో గొప్పేముందని నేనొకసారి అన్నాను. వదిన పొయ్యి దగ్గర నుంచి తల తిప్పకుండానే జవాబు చెప్పింది.

"బేగి వొచ్చే బంతికి బ్యాటు అడ్డెట్టినా ఎగిరిపోతాది మరిదీ. మెల్లగా వొచ్చేదానికి ఊపంతా నువ్వే ఇయ్యాల. నీ బలం నీకు తెలిసిపోయే ఆట ఇది. అందుకే మొగోళ్లు దీని జోలికి రారు."

ఊపంతా తానే ఇవ్వాలి కాబట్టి బ్యాటు చేతికి తగినదై ఉండాలి. బరువైన బ్యాటు తగిలితే బంతి దూరం పోతుంది, ఒప్పుకునేది. కాని బరువైన బ్యాటు బంతి దగ్గరికి వేళకు చేరదు. చేరకపోతే దాన్ని లాగాల్సింది మణికట్టు. ఆమె పట్టుదలంతా ఈ మణికట్టు గురించే.

బ్యాటు ఎంచడానికి ఆమెకొక పద్ధతి ఉండేది. పిల్ల నిటారుగా నిలబడాలి. బ్యాటును ఒంటి చేత్తో పిడి చివర పట్టుకుని, చెయ్యి తిన్నగా ముందుకు చాపాలి. అలా పట్టుకుని, మనవాళ్లు ఊరెళ్లేటప్పుడు వచ్చే స్టేషన్ల పేర్లు వరసగా చెప్పాలి. ఖరగ్‌పూర్, జలేశ్వర్, బాలాసోర్, భద్రక్, కటక్, ఖుర్దారోడ్, బరంపురం, ఇచ్ఛాపురం, పలాస. అటు మీద శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం, వాల్తేరు. ఈ కాలనీలో తెలుగు పిల్లలకు ఎక్కాలు రాకపోయినా ఈ వరస వస్తుంది. బ్యాటు కొన ఎక్కడ కిందికి వాలితే ఆ పిల్ల అక్కడ దిగిపోయినట్టు. పలాస దాకా కొన వాలకుండా ఉంటే ఆ బ్యాటు ఆమెది. వాల్తేరు చేరినా చెయ్యి అలవకపోతే బ్యాటు మరీ తేలిక, ఇంకోటి చూడాలి.

నన్ను కూడా ఒకసారి నిలబెట్టింది. సైనికుల బ్యాట్లలో అన్నిటికన్నా పెద్దది నేనే ఎంచుకుని తీశాను. భద్రక్ అంటుండగా కొన నేలకేసి చూసింది. అరుగు మీద కూర్చున్న పిల్లలందరూ నవ్వారు.

"ఏటి మరిదీ, భద్రక్‌లోనే దిగిపోనావా? ఒడియా నేర్సుకో మరి. అక్కడే పెళ్లి సేసేద్దుము."

ఆ మాట పట్టుకుని అన్నయ్య చాలాకాలం నన్ను భద్రక్ అల్లుడనే పిలిచాడు.

గోల్‌బజార్‌లో ఆటసామాను దుకాణం యజమాని బెంగాలీ. వదిన వస్తోందంటే నిచ్చెన వేసి ఉంచేవాడు, అటక మీది బ్యాట్లన్నీ దింపించేది కాబట్టి. ఒక్కొక్కటీ వెలుతురులోకి తీసుకెళ్లి చెక్కలోని చారలు చూసేది. చారలు పిడి నుంచి కొన దాకా తిన్నగా పోవాలి. మధ్యలో పక్కకు తప్పుకుంటే ఆ చోటే విరుగుతుంది. తర్వాత వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. పిడికి కొత్తగా గుడ్డ చుట్టి ఉంటే విప్పించేది. పగులు దాచడానికే గుడ్డ చుడతారని ఆమె అనుమానం. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా.

"బౌదీ, కుమ్‌డో కిన్‌ఛేన్ నాకి?" అని ఒకరోజు దుకాణదారు విసుక్కున్నాడు. వదినా, గుమ్మడికాయ కొంటున్నారా ఏమిటి అని.

"గుమ్మడికాయైతే పగిలినా కూరొండుకుంటాం దాదా," అంది వదిన తెలుగులోనే. "ఇది పగిల్తే పిల్ల సెయ్యి పోతాది."

అతనికి తెలుగు రాదు. కాని మళ్లీ ఆ మాట అనలేదు.

ఇక కమిటీ సంగతి. కమిటీ సెక్రటరీ అప్పుడూ ఇప్పుడూ ఒకరే. మన తెలుగువాడే. పిల్లల జట్టు పేరు బయట వినిపించడం మొదలయ్యాక, అరవైల చివర్లో, కమిటీ ఆ జట్టును తన కిందికి తీసుకుంది. అబ్బాయిల బేస్‌బాల్ కోసం తెప్పించిన బ్యాట్లే ఆడపిల్లలకూ ఇచ్చింది. అన్నీ ఒకే పొడవు, ఒకే బరువు, గుప్పిట్లో పట్టని పిడి. కమిటీ ఇచ్చిన బ్యాటుతోనే ఆడాలని నియమం పెట్టింది. వదిన ఒక బ్యాటు పట్టుకుని సమావేశానికి వెళ్లింది. సెలవుకు వచ్చిన నేను వెంట ఉన్నాను.

"బ్యాటంటే బ్యాటేనమ్మా," అన్నాడు సెక్రటరీ. "అందరికీ ఒకటే ఇచ్చినాం. ఇంక గొడవేటి?"

"మీ పిల్లకి సెప్పులు కొన్నప్పుడు మీ కాలు కొలిసి కొంటారేటండీ?"

ఎవరో నవ్వారు. సెక్రటరీ నవ్వలేదు.

"మీరే ఓపాలి ఇది సేతపట్టి సూడండి," అని వదిన బ్యాటు ఆయన ముందు బల్ల మీద పెట్టింది. "పలాస దాకా అక్కర్నేదు. బాలాసోర్ దాకా సాలు."

"స్టేషన్లు సదవడానికి నాను గార్డునా?" అని ఆయన బ్యాటును చేత్తో పక్కకు నెట్టాడు. అప్పుడు అందరూ నవ్వారు. సమావేశం తర్వాతి అంశానికి వెళ్లింది.

పార్వతికి అప్పుడు పద్నాలుగేళ్లు. రైలు డ్రైవర్లు, గార్డులు బస చేసే రన్నింగ్‌రూమ్‌లో వంటమనిషి కూతురు. జట్టులో అందరికన్నా బాగా కొట్టేది. బయటి జట్టుతో మ్యాచ్‌లో కమిటీ ఇచ్చిన బ్యాటుతో దిగింది. బంతి వంపు తిరిగి దిగుతోంది, బ్యాటు వెనకబడింది, పార్వతి దాన్ని లాగింది. పిడి గుప్పిట్లో తిరిగిపోయింది. మణికట్టు లోపల నరం తెగిందని ఆసుపత్రిలో చెప్పారు. కట్టు విప్పాక చెయ్యి కదిలింది కాని బలం రాలేదు. పార్వతి ఇవాళ్టికీ బిందె ఎడమ చేత్తోనే ఎత్తుతుంది.

పిల్లకు పట్టుకోవడం రాలేదని కమిటీ అంది. మర్నాడు మా ఇంటికి ఒక మనిషిని పంపింది. బ్యాటు వాపసు ఇమ్మని. పిల్ల చెయ్యి ఎలా ఉందని అడగడానికి ఎవరూ రాలేదు.

వదిన గుమ్మంలో నిలబడి చెప్పిన జవాబు ఆ మనిషి వెళ్లి సెక్రటరీకి చెప్పాడో లేదో నాకు తెలియదు. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఇప్పుడు తెలుస్తుంది. "దాని సెయ్యి వాపసియ్యమను. బ్యాటు వాపసిస్తాను."

ఆ బ్యాటు ఇవ్వలేదు. బియ్యం డబ్బా వెనక గోడకు ఆనించి ఉంచింది. కమిటీ ఆమె జట్టును మైదానంలోకి రానివ్వడం మానేసింది. ఆమె పిల్లల్ని తీసుకుని తాల్‌బగీచా వైపు ఖాళీ నేలకు వెళ్లింది. ముళ్లు పీకారు, రాళ్లు ఏరారు. గోల్‌బజార్ వడ్రంగి చేత పాత బ్యాట్ల పిడులు సన్నం చేయించింది. పాత చీరల అంచులు చింపి పిడులకు చుట్టింది. ఇక ఆడలేని పార్వతి అక్కడ నేర్పడం మొదలుపెట్టింది. ఏటా కొత్త పిల్లలు వచ్చారు. ఏటా ఒకసారి వదిన కమిటీ దగ్గరికి వెళ్లి అదే మాట అడిగి వచ్చింది. కిందటేడు కూడా అడిగింది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అన్నయ్య వద్దన్నాడు.

"అడక్కపోతే మనం ఒప్పుకున్నామంటారు," అంది వదిన. "సచ్చినాక కూడా అనగల్రు ఈళ్లు."

అన్నారు.

మంగళవారం మధ్యాహ్నం పాడె కట్టేటప్పుడు ఎవరో పెద్దాయన వదిన బ్యాటు తెచ్చి పక్కన పెట్టబోయాడు. ఆమె ప్రాణం దాని మీదే ఉండేదని. అన్నయ్య ఆపాడు.

"వొద్దు బావా. మంచి బ్యాటు కట్టెల్లో ఎట్టేసినామంటే పైనుంచి తిడతాది."

పార్వతి దాన్ని తీసుకుంది. పిల్లల్ని వాకిట్లో వరసగా నిలబెట్టలేదు, అది వేళ కాదు. కాని బుధవారం ఒక్కొక్కరి చేతా పట్టించి చూసింది. ఎనిమిదో తరగతి చదివే సన్నటి పిల్ల చేతిలో అది పలాస దాకా నిలిచింది. ఆ పిల్ల పేరు చెప్తూ పార్వతి మొదటిసారి ఏడ్చింది.

ఇప్పుడు కమిటీ వదిన పేరు మీద స్మారక మ్యాచ్ పెట్టింది. తాల్‌బగీచా నేల నుంచి పిల్లల్ని తన మైదానానికి రమ్మంది. నియమం మాత్రం అలాగే ఉంది. ఆ పిల్లలు దిగాల్సింది వదిన ఎంచిన బ్యాట్లతో కాదు, కమిటీ ఇచ్చేవాటితో. నిన్న నేను సెక్రటరీని ఆఫీసులో కలిశాను. ఇంకో పార్వతి అయితే ఎవరు జవాబు చెప్తారని అడిగాను.

"పోయినావిడ మీద గౌరవంతో పెట్టినాం," అన్నాడాయన. "మీరు పేపర్లోళ్లు, దీంట్లో కూడా తప్పులే ఎతుకుతారు."

"ఆ బ్యాటు మీరు ఒక్కసారైనా చెయ్యి చాపి పట్టుకున్నారా?"

"నాకు దండల పనుంది," అన్నాడు.

ఈ జవాబును నేను ఏ మార్పూ లేకుండా రాశాను.

మ్యాచ్ ఆదివారం సాయంత్రం నాలుగింటికి. ముందు వదిన ఫొటోకు సెక్రటరీ దండ వేస్తారు. తర్వాత తీర్మానం చదువుతారు. తర్వాత బ్యాట్లు ఇస్తారు. అవి అందుకున్నాక ఆట మొదలవదు. పిల్లలు కుర్చీల ముందు వరసగా నిలబడి, చేతులు చాచి, స్టేషన్ల పేర్లు పైకి చెప్తారు. ఎవరి బ్యాటు ఏ స్టేషన్లో వాలితే అక్కడ దాన్ని గడ్డి మీద పెట్టి, తమ బ్యాటు తెచ్చుకుంటారు. వద్దంటే ఆడకుండా తాల్‌బగీచాకు నడుస్తారు. ఈ సంగతి నిన్ననే సెక్రటరీకి చెప్పాను.

వరసలో చివర పార్వతి ఉంటుంది. బియ్యం డబ్బా వెనకనుంచి ఆ పాత కమిటీ బ్యాటు తీసి తుడిచి పెట్టుకుంది. కుడి చేత్తోనే పడతానంది. అది ఖరగ్‌పూర్ దాటదని ఆమెకు తెలుసు.