దమ్ముకు ఓమ చుట్ట

మా చిన్నప్పుడు... బోధన్‌లో చెరుకు సీజన్ మొదలైతే వాడకట్టు పిల్లలంతా బండ్ల వెంట ఉరికేవాళ్లు. గడ లాగి, మోకాలికేసి విరిచి, పళ్లతో చీల్చుకు తినేవాళ్లు. నేనేమో మా ఇంటి అరుగు మీద కూర్చుని చుట్ట తాగేదాన్ని...

నవ్వకండి. నిజంగా చుట్టే. రెండు జడలు, రిబ్బన్లు, చేతిలో చుట్ట!

అది తంబాకు చుట్ట కాదు లెండి. చలికాలం వస్తే నాకు దమ్ము లేచేది. మా దగ్గర దమ్ము అంటే ఆయాసం. రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయంటే అవ్వకూ నాకూ ఇక నిద్ర ఉండేది కాదు. అవ్వ అంటే మా అమ్మే... మావైపు అమ్మను అలాగే పిలుస్తాం.

అవ్వ బీడీలు చుట్టేది. నా చుట్ట చేసే రోజు మాత్రం తంబాకు చేటను అవతల పెట్టి, చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది. ఓమ దోరగా వేయించి... అదేనండీ, వాము... పసుపు కొమ్ము, ఎండిన తులసాకు కలిపి రోట్లో కచ్చాపచ్చాగా దంచేది. తునికాకులో పోసి చిటికెన వేలంత చుట్ట చుట్టి దారం కట్టేది.

నిప్పు తగలగానే లోపల ఓమ చిటపటలాడేది. మొదట నాలుక చురుక్కుమనేది... తర్వాత పసుపు చేదు... అంతా అయ్యాక అంగిట్లో ఎక్కడో తులసి వాసన మిగిలేది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. అవ్వ పక్కనే కూర్చుని వీపు రాస్తూ, "మింగకు బిడ్డా... నోట్లె తిప్పి ముక్కులకెల్లి ఇడువు" అనేది.

ఈమధ్య మా డాక్టరుకు చెబితే తల పట్టుకున్నాడు. ఆయాసానికి పొగ పెడతారా అని కోప్పడ్డాడు. ఆయన అన్నది నిజమే, మీరెవరూ పిల్లలకు ఇలాంటివి చేయకండి. నాకు నయం చేసింది ఆ చుట్ట కాదేమో, అవ్వ చెయ్యేనేమో...

ఉరకలేని పిల్లను జట్టులో ఎవరు వేసుకుంటారు? ఆటలో అరటిపండుగానైనా నన్ను పిలిచేవాళ్లు కాదు. అలాంటి రోజుల్లో బళ్లోకి సుధ వచ్చింది. కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చినవాళ్ల ఊళ్లను మేము క్యాంపులు అనేవాళ్లం. సుధ ఆ క్యాంపు పిల్ల. తన మాటను అందరూ వెక్కిరిస్తుంటే వచ్చి నా పక్కన కూర్చుంది. నేను గచ్చకాయలు అనేదాన్ని, తను అచ్చంగాయలు అనేది... ఆట మాత్రం ఒకటే. ఆ ఏడాది నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు సుధ.

దమ్ము లేచి ఒకసారి బడి మానేశాను. కాస్త తగ్గగానే సుధ మీద బెంగతో క్యాంపుకు వెళ్లాను. వాళ్లమ్మ సున్నుండ పెడుతూ నా గౌను వాసన చూసి ముఖం చిట్లించింది. ఏం తాగి వచ్చావని అడిగింది.

"చుట్ట తాగొచ్చిన ఆంటీ."

"చుట్టా? ఎందుకు తాగుతున్నావే?"

"దమ్ముకు."

నా మాటలో తప్పేముంది? మా వాడకట్టులో ఎవరికి చెప్పినా అర్థమయ్యే మాట. కానీ వాళ్ల ఊళ్లో దమ్ము కొట్టడమంటే సరదాగా పొగ పీల్చడమట! అది తెలియని నేను, రుచి ఎలా ఉంటుందో కూడా ఉత్సాహంగా వర్ణించి వచ్చాను. మర్నాడు సుధ వేరే వరసలో కూర్చుంది. నాతో మాట్లాడితే వాళ్లమ్మ కొడుతుందట.

సంగతి విని అవ్వ ముందు పడీ పడీ నవ్వింది. నా ముఖం చూశాక నవ్వు ఆపి, చేట పక్కన పెట్టి నన్ను తీసుకుని క్యాంపుకు బయలుదేరింది. గేటు దగ్గరే నిలబడి చెప్పింది.

"గది తంబాకు గాదమ్మా. పిల్లకు దమ్ము బీమారున్నది... ఊపిరాడది."

అయ్యో ఉబ్బసమా అని సుధ వాళ్లమ్మ నాలుక కరుచుకుంది. నా తల నిమిరింది. సున్నుండలు పొట్లం కట్టి ఇచ్చింది. దారంతా అవ్వకు ఒకటే సంబరం... నాకైతే చెప్పనే అక్కర్లేదు.

మర్నాడు కూడా సుధ నా పక్కకు రాలేదు. మధ్యాహ్నం బోరింగు దగ్గర ఎదురుపడితే తల దించుకుని చెప్పింది.

"నీ జబ్బు అంటుకుంటుందంట... అమ్మ చెప్పింది."

చుట్ట తాగే పిల్లననుకున్నప్పుడు ఆవిడకు కోపం వచ్చింది. జబ్బు పిల్లనని తెలిశాక జాలి కలిగింది. కోపమైతే అవ్వ వెళ్లి రెండు మాటలు చెబితే పోయింది... జాలికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

అవ్వ సంబరం చెడగొట్టడం ఇష్టంలేక, సుధ నాతో బాగానే ఆడుతోందని చెప్పేదాన్ని. అరుగు మీద ఒక్కదాన్నే గచ్చకాయలు ఆడేదాన్ని. కుడిచేతి ఆట నాది, ఎడమచేతి ఆట సుధది. ఎడమ చేతినే ఎక్కువసార్లు గెలిపించేదాన్ని, అలిగి వెళ్లిపోతుందేమోనని...

ఇప్పుడు నిజామాబాద్‌లో ఉంటున్నాను. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. దమ్ము, ఉబ్బసం... అన్నీ పోయి అందరి నోటా ఆస్తమా అనే ఒక్క మాటే మిగిలింది. అది అంటుకోదని కూడా అందరికీ తెలుసు. మొన్న దగ్గు ఎక్కువైతే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎన్ని దండం బొమ్మలు పెట్టారో, త్వరగా కోలుకోవాలని ఎంతమంది రాశారో... ఎదురింటి తలుపు మాత్రం తెరుచుకోలేదు.

మీ ఇంట్లో ఆయాసాన్ని ఏమనేవాళ్లు? చెప్పండి, చదువుతాను... అది వచ్చినప్పుడు మీ పక్కన ఎవరు కూర్చునేవాళ్లో, అది కూడా రాయండి.