బొప్పాయి కట్టు

పదవీ విరమణకు ముందు మూడేళ్లు వరంగల్‌లో ఒక సర్కారు దవాఖాన శస్త్రచికిత్స విభాగంలో అసోసియేట్ ప్రొఫెసర్‌గా చేశాను. యూనిట్‌కు పెద్ద ప్రొఫెసర్ గారు, ఆయన తర్వాత నేను. షుగర్ ఉన్నవాళ్ల పాదాల పుండ్లు చూసే పని నాకు అప్పగించారు. ఎవరూ ఇష్టపడి తీసుకునే పని కాదది. మొదటి ఏడాది, మాఘమాసంలో, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి రావడం మొదలైన రోజుల్లో సమ్మయ్య వచ్చాడు.

అతను మార్కెట్ యార్డులో హమాలీ. కుడి అరికాల్లో పుండు, దాని మీద చచ్చి నల్లబడ్డ కండ. కత్తితో తీయగలిగినంత తీశాం. మిగిలింది కరిగించే ఎంజైమ్ లేపనం స్టోర్సులో అయిపోయింది. అలాంటప్పుడు పచ్చి బొప్పాయి నూరి పెట్టడం మా వార్డులో అలవాటు. నవ్వకండి. బొప్పాయి పాలలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రొటీన్లను ముక్కలు చేస్తుంది. మాంసం ఉడకడానికి బొప్పాయి ముక్క వేసే వంటవాళ్లకు ఈ సంగతి మాకంటే ముందే తెలుసు. వారంలో పుండు చాలావరకు శుభ్రపడింది. మిగిలిన కాస్తకూ ఇంట్లో రోజూ అదే కట్టు కట్టమని చీటీ మీద రాసి, అతని భార్య రాజమ్మకు నేర్పి పంపాను.

రెండు వారాల తర్వాత చూస్తే పుండు ఎర్రగా, ముచ్చటగా ఉంది. కణాలను పెరగమని సంకేతమిచ్చే ప్రొటీన్ కలిపిన జెల్ ఇచ్చి, ఇంట్లో రోజూ పూయమన్నాను. నెలన్నర గడిచింది. పుండు పూడలేదు సరికదా, ముట్టుకుంటే రక్తం వస్తోంది. ఎక్స్‌రేలో ఎముక బాగుంది, పాదంలో నాడి అందుతోంది, షుగర్ అదుపులో ఉంది. ప్రొఫెసర్ గారు చూసి, పదిహేను రోజుల్లో మార్పు రాకపోతే పాదం ముందు భాగం తీసేద్దామన్నారు. అది పోతే హమాలీ ఇక బస్తా ఎత్తలేడు.

నాకు తోచిన కారణం ఒక్కటే: ఆ కాలు కింద మోపొద్దన్నా వినకుండా నడుస్తున్నాడు. వార్డులో అందరి ముందూ గట్టిగా మందలించాను.

"నడుస్తలేను సారు," అన్నాడు. నేను నమ్మలేదు.

మర్నాడు రాజమ్మను ఇంట్లో వాడేవన్నీ తెచ్చి, నా ఎదుటే కట్టు కట్టి చూపమన్నాను. నిజం చెప్పాలంటే తప్పు పట్టుకుందామనే. ఆమె చేతులు కడుక్కుని, సెలైన్‌తో పుండు తుడిచి, జెల్ పలచగా రాసింది. మా నర్సులు కూడా అంత పొందిగ్గా చేయరు. తర్వాత స్టీలు డబ్బా మూత తీసి, నూరిన బొప్పాయి ఆ జెల్ మీద దట్టంగా పెట్టింది.

ఇదెందుకని అడిగాను.

"మీరే చెప్పిన్రు గద సారు, దినాం పెట్టుమని. ఒక్క దినం గూడ తప్పలే. కాయ దొరకకుంటే మడికొండ దాంక పోయి తెచ్చిన," అని చీటీ చూపింది. నా చేతిరాతే. జెల్ మొదలుపెట్టిన రోజు బొప్పాయి ఆపమని నేను రాయలేదు, నోటితోనూ చెప్పలేదు.

పుండు మానడానికి ప్రొటీన్లను కోయడం కొంత అవసరమే. శరీరం తన సొంత ఎంజైములతో ఆ పని చేసుకుంటుంది. కణాల చుట్టూ ఉన్న ప్రొటీన్ల అల్లికను అక్కడక్కడా కోసి, అందులో చిక్కుకున్న సంకేతాలను విడుదల చేస్తుంది. కోత మితిమీరితే ఆ సంకేతాలే తెగిపోతాయి. వాటిని అందుకునే గ్రాహకాలూ తెగుతాయి. అల్లిక మీద పట్టు తప్పిన కణం బతకదు. నేను జెల్‌తో కబురు పంపుతున్నాను, దాని మీదే కత్తెర పెట్టిస్తున్నాను.

ఆ రోజే బొప్పాయి మాన్పించాను. ప్రయోగశాలలో రుజువు చేయలేదు గానీ, పన్నెండో రోజుకు అంచులు లోపలికి జరిగాయి. ప్రొఫెసర్ గారు ఆపరేషన్ జాబితా నుంచి పేరు కొట్టేశారు. కేసు షీటులో ఆలస్యానికి కారణం నా పొరపాటేనని రాసి సంతకం చేశాను. పుండు పూర్తిగా పూడేసరికి యార్డులో మిర్చి సీజన్ అయిపోయింది.

మందలించిన వార్డులోనే సమ్మయ్యకు సంగతి చెప్పాను. సిగ్గుగానే ఉంది.

"కాలు దక్కింది, గదే చాలు సారు," అన్నాడు. మళ్లీ తనే, "గని నడుస్తలేనని మీకు చెప్పిన," అన్నాడు.

ఆ తర్వాత మొదలుపెట్టిన ప్రతి మందు పక్కనా ఆపే తేదీ రాశాను. చికిత్స పనిచేయనప్పుడు ముందు నా చీటీ నేను చదువుకున్నాను, రోగిని ఆ తర్వాతే అడిగాను.