పడుగు కొరికిన కుందేలు

నిన్న మధ్యాహ్నం మా కోడలు నూలు చీరకు గంజి పెట్టి దండెం మీద ఆరేసింది. గాలికి ఆ వాసన వరండాలోకి రాగానే చేతిలో పేపరు పక్కన పడేసి మంచం కిందికి వంగి చూశాను. ఏం వెతుకుతున్నారత్తయ్యా అని కోడలు అడిగితే కళ్లజోడు అన్నాను. కళ్లజోడు ముక్కు మీదే ఉంది. గంజి వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నా చెవులు నూలుపోగు తెగే సన్నని చప్పుడు కోసం వెతుకుతాయి.

మైదుకూరుకు కొంత దూరంలో మా ఊరు. ఇంకా తెల్లదొరల పాలన నడుస్తున్న రోజులు. ఇంట్లో రెండు గుంటమగ్గాలు, ఒకటి పెదనాయనది, ఒకటి మా నాయనది. ఎండాకాలంలో తెల్లవారకముందే వీధి పొడవునా పడుగు పరిచి, ఆ నిలువుపోగులకు ఇద్దరూ కుంచెలతో జొన్నగంజి పట్టిస్తూ అటూ ఇటూ నడుస్తుంటే, ఆ పుల్లటి వెచ్చటి వాసనా, ఇంట్లో అవ్వ కెలుకుతున్న రాగిసంగటి వాసనా, రోట్లో నూరుతున్న ఊరుబిండి ఘాటూ కలిసి మమ్మల్ని నిద్రలేపేవి. గంజి కాచడం అవ్వ పని, నూలు కండెలకు చుట్టడం అమ్మ పని, గంజికుండ కడగడం పెద్దమ్మ పని. గంజి ఎండితే కుండకు తోలులా పట్టుకుంటుంది. ఇసుక వేసి పీచుతో రుద్దితే గాని ఊడదు. ఆ ఏడు మాత్రం కుండ అద్దంలా ఉండేది. పెద్దమ్మ ఒళ్లు వంచిందని అవ్వ నలుగురిలో మెచ్చుకుంది. పొద్దస్తమానం కండెలు అందించే నన్ను ఎవరూ మెచ్చుకోలేదు.

ఆ ఉగాదికి ఓళిగల తీపి నోట్లో ఉండగానే నాయన ఒక తెల్లని కుందేలుపిల్లను నూలుగంపలో పెట్టుకుని తెచ్చాడు. ఆయన దుప్పట్లు నేసిచ్చే మిషను బంగళా దొరసాని సీమకు వెళ్లిపోతూ ఇచ్చిందట. దూది అని పేరు పెట్టాను. రెండు వారాలు బుద్ధిగా ఉంది. తరువాత పళ్లకు పని పెట్టింది. నులకమంచం తాడు తెంపింది, పెదనాయన చెప్పు వారు నమిలింది, కొత్త పంచాంగంలో ఆషాఢమాసం తినేసింది. "ఈ యేడు మనింట్లో ఆషాఢమే లేదు, కొత్త కోడండ్లకు పండగే" అని అవ్వ నవ్వింది. పెదనాయన నవ్వలేదు.

మొదట నేనూ అందరిలాగే దాని మూతి మీద కొట్టాను. పక్కింట్లో బండి తోలే ఖాసీం తాత చూసి కేకలేశాడు.

"కొడితే ఏమొస్తాది పాపా? దాని పండ్లు పెరుగుతానే ఉంటాయి. కొరక్కపోతే అది బతకదు. కొరికేదానికి నువ్వే ఏమన్నా ఇయ్యి."

ఆయన చెప్పినట్టే చేశాను. ఎండిన కందికట్టెలు, వేపపుల్లలు, జొన్నదంట్లు, గుప్పెళ్లకొద్దీ ఎండుగడ్డి వేశాను. మంచం తాళ్లకూ మగ్గం గుంజలకూ వేపనూనె పూశాను. నేను చూడలేని వేళల్లో గంప కింద మూశాను. తాళ్లు దక్కాయి, చెప్పులు దక్కాయి. పడుగు మాత్రం దక్కలేదు. రెండుసార్లు అంచుపోగులు తెంపింది. నేతనూలుకు వేపనూనె పూయలేం కదా.

అప్పుడు మగ్గం మీద ఉన్నది పెద్దింటి రెడ్డిగారి పెండ్లిపంచెల పడుగు. పెదనాయన నన్ను నిలబెట్టి చెప్పాడు: "ఇంగొక్క పోగు తెగితే దీన్ని కూర చేపిస్తా. ఏడిస్తే ఇనను."

మూడోనాడు, అందరూ అన్నాలకు కూర్చున్న వేళ, ఆ చప్పుడు వినపడింది. గంప పక్కకు ఒరిగి ఉంది. పరుగెత్తాను. మగ్గం గుంటలో దూది వెనకకాళ్ల మీద నిలబడి పడుగును కిందినుంచి కొరుకుతోంది. పోగులు చింపిరిజుట్టులా వేలాడుతున్నాయి. నేను దాన్ని అందుకునేలోపే పెదనాయన చెయ్యి వచ్చి చెవులు పట్టి పైకెత్తింది.

"మసాలా నూరాల్నా?" అంది వాకిట్లోంచి పెద్దమ్మ. ఆ మాట, ఆ గొంతు, కొంగుతో మూతి తుడుచుకోవడం, ఏదీ నేను మరిచిపోలేదు.

దూది గాలిలో కాళ్లు కొట్టుకుంటోంది. నా కళ్లు గుంటలో పడ్డాయి. అక్కడ గంజి పెట్టని పేక, అంటే అడ్డపోగుల కండెలు, గంపెడు ఉన్నాయి. ఒక్కదాన్నీ అది ముట్టలేదు.

"పేక ముట్టలేదు సూడు పెదనాయనా! గంజి పెట్టిన పోగే తినిండాది!"

నాయన వంగి చూశాడు. "నిజమేనన్నా. గంజి రుసి మరిగిండాది. ఎవురు మరిపినారో?"

"ఇడువు పెదనాయనా, అదే సూపిస్తాది" అన్నాను. ఏం చూపిస్తుందో నాకే తెలియదు.

ఆయన వదిలాడు. దూది చెవులు దులుపుకుని, నా దగ్గరికి రాకుండా, నేరుగా పెరట్లోకి పోయింది. అక్కడ గంజికుండ దానికి అందేటట్టు ఒరిగించి ఉంది, లోపల ఒక పక్క అప్పటికే నున్నగా నాకేసి ఉంది. అలవాటైన ఇంట్లోకి దూరినట్టు తల లోపలికి పెట్టింది.

అందరం పెద్దమ్మ వైపు తిరిగాం.

"నాకేం తెలుసు? కుక్క నాకుతాందనుకుంటి."

"ఎండాకాలమంతా కుక్కే కడిగెనామ్మే కుండ?" అంది అవ్వ.

పెదనాయన పెద్దమ్మను ఒక్క మాట అనలేదు. నా వైపు తిరిగాడు. "పొద్దు మునిగే లోపల పోగులన్నీ నువ్వే అతకల్ల. ఒక్కటి తప్పినా ఇది ఈ గడప లోపల ఉండదు."

కాళ్లు గుంటలో పెట్టుకుని, వేళ్లకు బూడిద అద్దుకుని, తెగిన కొసకు కొస మెలేస్తూ కూర్చున్నాను. చెమట పడితే పోగు జారేది, గట్టిగా లాగితే పక్కది తెగేది. అమ్మ రెండుసార్లు దగ్గరికి వచ్చింది, పెదనాయన దగ్గాడు, వెళ్లిపోయింది. గోడ మీద ఎండ ఎర్రబడి, జానెడై, బెత్తెడై, అంచు మాత్రమే మిగిలినప్పుడు చివరి పోగు అతికాను. ఆయన పడుగంతా అరచేత్తో నిమిరాడు. ఒకచోట ఆగాడు. మళ్లీ నిమిరి, "ఊ" అన్నాడు. అంతే.

ఆ రోజునుంచి కుండను వెంటనే కడిగించారు. గంజి వాసన మరిచిపోవడానికి దూదికి నెల పట్టింది. తరువాత కందికట్టెలతోనే మూడేళ్లు బతికింది.

చాలా ఏళ్లకు, పెద్దమ్మ పళ్లూడి మంచం పట్టినప్పుడు, నెల రోజులు నా చేత్తోనే గంజి తాగించాను. ప్రతి గుక్కకూ ఆమె ముఖం చూసేదాన్ని, ఆ కుండ సంగతి ఇప్పుడైనా చెబుతుందేమోనని. ఒకనాడు నా ముంజేయి పట్టుకుని ఏదో అనబోయింది. చెవి దగ్గర పెట్టాను.

"ఉప్పు శాలదు" అంది.

ఇప్పుడు మా పుట్టింట్లో మగ్గం గుంటలు పూడ్చి గచ్చు చేశారు. వీధిలో పడుగు పరిచేవాళ్లు లేరు, జొన్నగంజి కాచేవాళ్లు లేరు, ఆ రోజు పెరట్లో నిలబడి చూసినవాళ్లలో నేను తప్ప ఎవరూ మిగల్లేదు. అందుకే రాసి పెడుతున్నాను. ఆ కుండ కడగాల్సింది పెద్దమ్మ. పోగులు అతికింది నేను.