లింగన్న ఎద్దు ఫొటో

1964 చెరకు సీజనులో నన్ను ప్రచార శాఖ ఫొటోగ్రాఫరుగా నిజామాబాదుకు వేశారు. రోడ్డు మీది మామూలు బతుకును నలుపు తెలుపుల్లో తీసుకురమ్మని పై అధికారి ఉత్తర్వు. ఆయనకేం, చెప్పి ఊరుకున్నారు! ఇక్కడ కెమెరా కనబడితే చాలు, మామూలు బతుకు మాయమయ్యేది. చాయ్ పోసేవాడు గిన్నె దించి తల దువ్వుకునేవాడు. నవ్వుతున్నవాళ్ళు నవ్వు మింగి నిటారుగా నిలబడేవారు.

ఒకరోజు బోధన్ రోడ్డులో చెరకు బండ్లు ఫ్యాక్టరీ గేటు కోసం వరుస కట్టి ఉన్నాయి. నా రీలులో ఒక్క బొమ్మే మిగిలింది. లింగన్న అనే బండి రైతు దగ్గరికి వచ్చాడు.

"సారూ, మా ఎద్దు రామునికి కాలు నొస్తుంది. వచ్చే అంగట్ల అమ్ముతున్న. దాంతోని ఒక్క ఫొటో దింపుండ్రి."

సరేనన్నాను. ఆయన వెంటనే ఆ ఎద్దును కాడి నుంచి విప్పి కాలువకు తోలుకుపోయాడు, కడిగి తెస్తానని! మురికి ఎద్దును ఫొటోలో ఎవరు పెట్టుకుంటారు?

అంతలో వరుస కదిలింది. బండి ఆగితే వెనకవాళ్ళు దాటిపోతారు. మళ్ళీ చివర చేరాలి, ఆలోగా చెరకు ఎండి తూకం తగ్గుతుంది. వెనక బండి ఖాదర్ భాయ్ "అరే లింగన్నా, నీ వంతు పోతది, జల్ది రా!" అని కేకేశాడు. తిట్టుకుంటూనే తన బండి దిగి, లింగన్న బండికి మిగిలిన ఎద్దు పక్కన కాడి కింద తానే భుజం పెట్టాడు. మరో ఇద్దరు చక్రాలు పట్టారు. అబ్బ, ఎంత మంచి బొమ్మ! నేను ఇన్నాళ్ళూ వెతికింది అదే. కెమెరా ఎత్తాను.

"ఆగుండ్రి సారూ, వస్తున్నం!" తడి ఎద్దుతో లింగన్న పరుగెత్తుకొచ్చాడు. తన తలరుమాలే దాని కొమ్ములకు చుట్టాడు.

మాటిచ్చాను కదా, ఏం చేయను? లింగన్ననూ ఎద్దునూ ఒక పక్కకు నిలబెట్టి, లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేశాను. అలా చేస్తే దగ్గరివీ దూరంవీ స్పష్టంగా పడతాయి. వాళ్ళ వెనక ఆ బండిని లాగుతున్నవాళ్ళనూ కలుపుకొని నొక్కాను.

ఆఫీసుకు మొత్తం బొమ్మ ప్రింటు వేశాను. లింగన్నకు మాత్రం వెనకవాళ్ళను తీసేసి, తనూ ఎద్దూ ఉండేట్టు నీటుగా వేసి ఇచ్చాను. మురిసిపోయి ఎద్దు మొహాన్ని వేలితో నిమిరాడు. ఆ తర్వాత అట్టను అటూ ఇటూ తిప్పాడు.

"ఖాదర్ భాయ్ ఏడి సారూ? రాముని జాగల గుంజిండు గదా!"

మళ్ళీ మొత్తం వేసి ఇచ్చాను. అప్పటినుంచి సర్వీసంతా, బొమ్మను కత్తిరించే ముందు అందులో ఉన్నవాళ్ళను అడిగాను.