మిరప మాటెత్తితే చెత్తబుట్టకే

ఆ రోజుల్లో నాకు రెండే వచ్చు: కంప్యూటరూ, పొగరూ. మొదటిది అంతంతమాత్రం, రెండోది మాత్రం దండిగా వచ్చునని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఒంగోలుకి కాస్త ఇవతలున్న మా ఊరి లైబ్రరీలో కాంట్రాక్టు మీద చేరాను. మా పెద్దసారు, అంటే లైబ్రేరియన్ గారు, మరీ మెత్తటి మనిషి. మెయిలు లేని రైతు ఎవరొచ్చి అడిగినా లైబ్రరీ మెయిలు అడ్రసే రాసిచ్చేవారు. "లైబ్రరీ అందరిదీ అయినప్పుడు మెయిలు మాత్రం మనొక్కళ్ళదా అమ్మాయ్?" అనేవారు. ఇంకేముంది, విత్తనాల కంపెనీలూ పురుగుమందుల కొట్లూ మిర్చి రేట్లూ కుప్పలుగా వచ్చిపడేవి. వాటి మధ్య మా పాఠకుల జాబులు వెతుక్కోలేక చచ్చేవాళ్ళం.

"దీని పని నేను పడతాను సార్" అని ఒక్క పూటలో ఏర్పాటు చేసేశాను. వచ్చిన మెయిల్లో 'గడువు' అని ఉంటే ఒక అరలోకి, 'సభ్యత్వం' అని ఉంటే ఇంకో అరలోకి, మిరప, పత్తి, క్వింటా... వీటిలో ఏ ముక్క కనబడినా నేరుగా చెత్తబుట్టలోకి. పైగా దానంతటదే వెళ్ళే జవాబొకటి: "మీ ప్రకటన మాకు అనవసరం. ఇకపై పంపవద్దు." (ఆ వాక్యం రాసి నాకు నేనే మురిసిపోయాను లెండి.)

రెండు వారాలు హాయిగా గడిచాయి. ఒకరోజు, రిటైరై మిరప సాగు చేసుకుంటున్న లెక్కల మాస్టారు ఫోను పైకెత్తి పట్టుకుని లోపలికొచ్చారు. "ఏమ్మా, నా జాబు నీకు ప్రకటనలాగా కనబడిందా? ఒకసారి కాదు, మూడుసార్లు పంపొద్దన్నావు!"

ఫోను తీసుకుని చదివాను. అందరూ క్షేమమా, వాన పడిందా, మిరపకి ముడత పట్టింది, మందు కొట్టినా లొంగట్లేదు... ఇలా పది లైన్లు. అట్టడుగున: "మా ఆవిడ చదివిన పుస్తకాలు మూడు బీరువాలున్నాయి. ఆవిడ పోయాక వాటిని ముట్టేవాళ్ళు లేరు. మన లైబ్రరీకే ఇద్దామని నా కోరిక."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మా వైపు వానా పంటా కనుక్కోకుండా అసలు సంగతిలోకి దిగితే మర్యాద కాదు. మిరప రైతు కూతుర్ని, నాకు తెలియదా? (మా నాన్న ఫోను చేస్తే కాయ రంగు చెప్పాకే అమ్మకి జ్వరమని చెప్తాడు.)

"చీమకుర్తి కాలేజీ వాళ్ళు ఆ పుస్తకాలకి ఎల్లుండి లారీ పంపుతామన్నారు. వాళ్ళకి మాట్లాడే తీరు తెలుసు" అని మాస్టారు వెనుదిరిగారు. అట్టలూడిన పుస్తకాలని జిగురుతో అతికించుకుంటున్న పెద్దసారు మొహం చూడలేకపోయాను. మెట్లదాకా పరుగెత్తాను. "తప్పంతా నాదేనండి మాస్టారూ. చదవకుండానే... అవునూ, ముడత తగ్గిందాండీ?"

తెలివిగా అడిగానో, మా నాన్న పెంపకం నోట్లోంచి ఊడిపడిందో ఇప్పటికీ చెప్పలేను. ఆయన ఆగారు. "ఏం తగ్గుద్దమ్మా, నా శ్రాద్ధం!" అని మెట్టు మీదే కూలబడి అరగంట చెప్పారు. ముడత నుంచి మాట మెల్లగా ఆవిడ మీదకి మళ్ళింది. "కాయలేరుతూ కూడా పక్కన పుస్తకం పెట్టుకునేదమ్మా" అన్నారు. కళ్ళు తుడుచుకుని లేచారు. "లారీ వద్దని చెప్తాలే. కానీ ఇకమీదట నేను రాస్తే మనిషి చదవాలి."

చదివాను. వారం వారం, పొల్లుపోకుండా.

ఇప్పుడు నేనున్న పెద్ద లైబ్రరీలో మెయిళ్ళు ముచ్చటగా వాటంతటవే సర్దుకుంటాయి. అందరూ రెండు ముక్కల్లో పని చెప్పి ఊరుకుంటున్నారు. మొన్న బీరువాల కంపెనీకి మెయిలు రాసి చూసుకుంటే, ముందు అయిదు లైన్లు ఎండల గురించే ఉన్నాయి. చెరపబోయి ఆగాను. చదివేది మనిషే అయితే సంతోషిస్తాడు కదా అని అలాగే పంపించాను.