మా చెల్లెలి వలన్నం

గౌరవనీయులైన పెద్దలకు నమస్సులు. మిత్రులకు అభినందనలు. కైకలూరులో ఉన్న మా చెల్లెలు కరుణకు ఆశీస్సులు.

లేఖకు పైన తేదీ, స్థలం లేకపోతే నేను విద్యార్థులకు మార్కు తగ్గించేవాణ్ణి. ఈరోజు ఆ రెండూ నేనే వదిలేశాను. ఎందుకో చివర మనవి చేస్తాను.

మా చిన్నప్పుడు... కొల్లేటి గట్టున మా ఊరి రేవులో అమ్మ నా చొక్కాకు సబ్బు రుద్దుతోంది. పసుపుపచ్చని బిళ్ల... ఎంత రుద్దినా నురగ రాదు.

"ఏంటి వదినా, కొత్త సబ్బా?" అంది పక్క రాయి మీద ఉతుకుతున్న సుందరమ్మత్త.

"బడిలో ఇచ్చారొదినా. దొరల సబ్బంట. ఉన్న జిడ్డు వదలదు సరికదా, కొత్త జిడ్డు పడుతోంది."

అంతలో చిన్న పరిగె చేపలు గుంపులుగా చేరి నా చొక్కాను కొరకడం మొదలుపెట్టాయి...

"చేపలకి నీ సబ్బు నచ్చిందొదినా. ఈసారి ఉతకడం మాని గేలానికి గుచ్చు," అంది అత్త.

ఆ రోజుల్లో మా మిషను బడికి పై దేశాల నుంచి పాలపొడి, మొక్కజొన్న పిండి వచ్చేవి. ఆ ఏడాది రేకు డబ్బాలు వచ్చాయి. డబ్బా మీద అంతా ఇంగ్లీషే... మా వీధిలో దాన్ని చదవగలిగినవారు లేరు. అమ్మ ఆ బిళ్లను, డబ్బాను కొంగులో పెట్టుకొని బడికి వెళ్లింది. మాస్టారు కళ్లజోడు సవరించుకొని డబ్బా చుట్టూ తిప్పి తిప్పి చదివారు.

"ఇది సబ్బు కాదమ్మా, తినేది. చీజ్ అంటారు. మన జున్నుకి దూరపు చుట్టం. మాంసకృత్తులు, కొవ్వు బాగా ఉన్నాయంట. పాపకి పెట్టండి, బలం."

పాప అంటే కరుణ. అప్పటికి దానికి అయిదేళ్లు. టైఫాయిడ్ తగ్గింది గాని నోరు తెరవడం మానేసింది... జావ పెడితే మొహం తిప్పుకునేది, చారన్నం పెడితే ఊసేసేది. చేతికున్న వెండి మురుగు మోచేయి దాటి పైకి పోయేది. "జ్వరం నేను దింపానండీ... తిండి ఒంటబట్టకపోతే ఇక నా చేతిలో ఏమీ లేదు," అని కాంపౌండరుగారు అనేశారు. ఆనాటి నుంచి అమ్మ పొద్దుగూకేవేళ ఆ మురుగు ఎంతవరకు జారుతుందో చూసేది.

ఆ సాయంత్రం అమ్మ మాస్టారు ఇచ్చిన కొత్త డబ్బా విప్పింది. ఆ వాసనకు నేను ముక్కు మూసుకున్నాను... అమ్మ కత్తిపీట మీద చీజును పలుచగా తరిగి, పొగలు కక్కుతున్న గంజన్నంలో వేసి కలిపింది. తెడ్డు పైకెత్తగానే సన్నని తీగలు సాగాయి... మంచం మీద పడుకున్న కరుణ మెల్లగా లేచి కూర్చుంది.

"అమ్మా... అన్నంలో వల."

"అవునే, వలే. నోరు తెరిస్తే చేపలు నీకు. తెరవకపోతే అన్నయ్యకి."

"అన్నయ్యకొద్దు."

తెరిచింది... మింగింది. ఇంకోసారి తెరిచింది.

"వలన్నం ఇంకా పెట్టు," అంది.

వల, అన్నం కలిసి వలన్నం. అత్వసంధి. నాకు సూత్రం తెలియకముందే, నాకంటే చిన్నది ప్రయోగం చేసి చూపించింది. నేను పంతులినయ్యాక నల్లబల్ల మీద ఆ సంధికి మొదటి ఉదాహరణగా ఎప్పుడూ దాన్నే రాశాను. ఆ మాట నిఘంటువులో లేదని ఏ విద్యార్థీ పట్టుకోలేదు...

ఆ డబ్బా అయిపోయేసరికి మురుగు మణికట్టు మీదికి దిగింది. అది చీజు మహిమో, గంజి మహిమో, అన్నయ్యకు దక్కనివ్వకూడదన్న పట్టుదల మహిమో, మాస్టారు కూడా తేల్చి చెప్పలేదు.

మొన్న తాడేపల్లిగూడెంలో మా మనుమరాలు నీలిమ పెట్టెలో వచ్చే మేకరోనీ చీజ్ వండింది. వండుతూ పెట్టె వెనక ఉన్న న్యూట్రిషన్ వాల్యూస్ చదివింది. పోషక విలువలు అనాలని సవరించాను.

"అవేనండీ తాతగారూ. పిండి పదార్థం బోలెడు, ప్రొటీన్ పర్లేదు, పీచు అంతంతమాత్రం. ఉప్పు మాత్రం చాలా ఎక్కువండీ. పైగా ఈ అంకెలు పెట్టె మొత్తానికి కాదు, ఒక్క సర్వింగ్‌కి. పెట్టె ఖాళీ చేసినవాళ్లు హెచ్చవేసుకోవాలి."

"సర్వింగ్ కాదు, వడ్డన," అన్నాను.

"వడ్డనకేనండీ. మీరు తినండి ముందు."

ఆ పట్టిక మంచిదే. అటువంటిది తెలుగులో ఆనాడు ఆ డబ్బా మీద ఉంటే నా చొక్కా బతికేది... ఇప్పుడు తిండిలో ఏముందో పెట్టె చెబుతోంది. తినే మనిషి దానికేం పేరు పెట్టిందో మాత్రం మనమే గుర్తుంచుకోవాలి.

నీలిమ గరిటె ఎత్తింది. పసుపుపచ్చని తీగలు... అప్పటంత పొడవు కావు. "వలన్నం" అన్న మాట నా నోట దానంతట అదే వచ్చింది.

కరుణకు పోయిన నెల మళ్లీ జ్వరం వచ్చి తగ్గింది. అప్పటినుంచి కంచం పక్కకు నెట్టేస్తోందని మేనల్లుడు ఫోనులో చెప్పాడు. దానికి చూపు ఆనదు... చెవులు మాత్రం చక్కగా పనిచేస్తున్నాయి.

మిత్రులారా, మీ ఇళ్లలో పిల్లలు తిండికి పెట్టిన పేర్లుంటే కింద రాయండి. అక్షరదోషాలను ఈ ఒక్కసారికి చూడనట్లే ఉంటాను.

కైకలూరులోని మా మేనల్లుడి పిల్లలకు నా విన్నపం వేరు. ఈ లేఖ మీలో ఎవరి ఫోనులో కనబడితే వారు గంజన్నం కాచి, చిన్న చీజు ముక్క తరిగి కలపండి. అందులోనే ఉప్పుంటుంది, వేరే వేయకండి. మీ నాయనమ్మ పక్కన కూర్చొని దీన్ని మొదటినుంచి బిగ్గరగా, తొందరపడకుండా చదవండి. "తెరవకపోతే అన్నయ్యకి" అన్నచోట ఆగండి. తరువాతి మాట ఆమెనే అననివ్వండి...

ఆమె నోరు తెరిచిన రోజును తేదీగా, ఆమె కూర్చున్న చోటును స్థలంగా ఈ లేఖ పైన మీరే రాసి నాకు పంపండి. ఆలస్యమైనా మార్కు తగ్గించను.