ఈల వెయ్యని పళ్ళు

పళ్ళ మేస్త్రి అంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. పళ్ళ డాక్టరుగారి వెనకగదిలో, గులాబీరంగు మైనానికీ ప్లాస్టర్ అచ్చులకీ మధ్య కూర్చుని ఇరవై ఆరేళ్ళుగా కట్టుడుపళ్ళు చేస్తున్నాడు. మనిషికి గర్వం ఒక్కటే: తను కట్టిన పళ్ళు ఈల వెయ్యవు. సరిగ్గా కుదరని పళ్ళు పెట్టుకున్నవాడు "స" అన్నప్పుడల్లా కుక్కర్‌లా గాలి వదులుతాడు మరి! అందుకని ఎవరొచ్చినా ఎదురుగా కూర్చోబెట్టి "సీసా, సబ్బు, సూది, సంచి" అనిపిస్తాడు. ఈల వినపడిందా, ముందుపళ్ళ వెనకాల ఆకురాయితో రెండు గీట్లు గీకి మళ్ళీ అనిపిస్తాడు. జడ్జిగారొచ్చినా అంతే, సీసా సబ్బే.

మేస్త్రికి ఇంకో పిచ్చి ఉంది. ఒక పాటగాడు. ఆ పెద్దాయన పాట రేడియోలో వస్తే మేస్త్రి చేతిలో ఆకురాయి ఆగిపోతుంది. "నన్నెందుకు చేసుకున్నారు, ఆయన్నే చేసుకోకపోయారా!" అని భార్య ఎన్నోసార్లు దెప్పింది.

ఓ మంగళవారం డాక్టరుగారు అచ్చు తియ్యమని ఒక ముసలాయన్ని లోపలికి పంపారు. నలిగిన చొక్కా, లోపలికి పోయిన బుగ్గలు. మేస్త్రి తలెత్తి చూడనైనా లేదు.

"కాసిని మంచినీళ్ళిస్తావా నాయనా?" అన్నాడు ముసలాయన.

మేస్త్రి చేతిలో ఆకురాయి ఆగిపోయింది. ఆ గొంతు గుర్తుపట్టలేడా!

"మీరు... గురువుగారూ, మీరేనా?"

"నేనే. పళ్ళు పోయాక ఎవరూ గుర్తుపట్టడం లేదు, హాయిగా ఉంది. కానీ శనివారం సాయంత్రం కచేరీ ఉంది. నా పరువు నీ చేతుల్లో పెడుతున్నాను మేస్త్రీ."

ఇంకేముంది! మేస్త్రికి తిండి సయించలేదు. మిగతావాళ్ళ పళ్ళన్నీ మూలకి నెట్టి శుక్రవారానికల్లా సెట్టు తయారుచేశాడు. పెద్దాయన వచ్చి పెట్టుకున్నాడు. ఇక సీసా, సబ్బు అనిపించాలి. మేస్త్రికి నోరు రాలేదు. అంతటి మహానుభావుడి చేత సబ్బు అనిపించడమా, కళ్ళు పోవూ!

"ఒక్క పల్లవి పాడండి గురువుగారూ, చాలు."

పెద్దాయన పాడాడు. ఆ ఇరుకు గదిలో, తనొక్కడి కోసం! మేస్త్రి కళ్ళు మూసుకుని ధారగా ఏడ్చాడు.

"ఎక్కడో గాలి పోతున్నట్టుందే?" అన్నాడు పెద్దాయన.

"అబ్బే! లక్షణంగా ఉంది."

శనివారం సాయంత్రం మేస్త్రి ముందు వరసలో కూర్చున్నాడు. మొదటి చరణంలోనే "స" వచ్చింది, దాంతోపాటు సన్నగా ఈలా వచ్చింది. తర్వాత ఏ పాటనీ వదల్లేదు మాయదారి ఈల. జనం మాత్రం పాటపాటకీ చప్పట్లే. మేస్త్రి సిగ్గుతో సగం చచ్చాడు. వెళ్ళిపోదామనుకున్నాడు గానీ కాళ్ళు వేదిక వెనకగదికే లాక్కెళ్ళాయి.

అక్కడ అభిమానులు బారు తీరి ఉన్నారు. పెద్దాయన ఒక్కొక్కణ్ణీ అడుగుతున్నాడు: "ఈల వినపడిందా?" "ఈలేంటండీ, అమృతం!" అంటున్నాడు ఒకడు. "ఈ వయసులో ఆ గొంతు!" అంటున్నాడు ఇంకోడు. మేస్త్రి వంతు వచ్చింది. అందరిలాగే ఓ మాట అనేస్తే తన పేరూ దక్కేది, ఆయన సంతోషమూ దక్కేది.

"వినపడింది గురువుగారూ. మొదటినుంచి చివరిదాకా. తప్పు నాదే."

కచేరీ పెట్టించినాయన మేస్త్రిని కొరకొరా చూశాడు.

"నిన్న నేనడిగితే లేదన్నావే?"

"నిన్న మీ పాట విన్నానండీ. పళ్ళని వినలేదు."

పెద్దాయన అతన్ని తేరిపార చూశాడు. "అయితే ఈసారి పళ్ళు సరిచూసేటప్పుడు నీ ముందు పాడను," అన్నాడు. అందరూ చూస్తుండగానే నోట్లోంచి పళ్ళు తీసి మేస్త్రి అరచేతిలో పెట్టాడు.

మేస్త్రి ఆ పళ్ళని జేబురుమాల్లో జాగ్రత్తగా చుట్టుకుని, "సోమవారం పొద్దున్నే రండి, సీసా, సబ్బు అనిపిస్తాను," అన్నాడు.